పిల్లల బ్రెయిన్ ట్యూమర్‌లో రక్తనాళాలు పెరగడం అంటే ఏమిటి? తరచుగా అడిగే ప్రశ్నలు

బయాప్సీ రిపోర్టు చేతికొచ్చిన రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టదు. అందులోని ఒక్కో మాటనీ ఫోన్‌లో కొట్టి చూస్తూ కూర్చుంటారు. 'వాస్కులర్' (రక్తనాళాలకు సంబంధించిన) అన్న మాట కొట్టగానే పెద్దవాళ్ల జబ్బుల గురించి రాసిన పేజీలే ముందు తెరుచుకుంటాయి. దాంతో టెన్షన్ రెట్టింపు అవుతుంది. పిల్లల విషయంలో ఆ మాటకు ఎప్పుడు భయపడాలో, ఎప్పుడు అక్కర్లేదో చెప్పడానికే ఈ పేజీ. మీ బిడ్డను చూస్తున్న డాక్టర్ మాటే చివరి మాట. వాళ్లను ఏం అడగాలో తెలుసుకోవడానికి ఇది పనికొస్తుంది.

మా బాబు బయాప్సీలో 'మైక్రోవాస్కులర్ ప్రొలిఫరేషన్ ఉంది' అని రాశారు. నెట్‌లో చూస్తే గ్లియోబ్లాస్టోమా అని వస్తోంది. అదేనా?

ఆ ఒక్క మాట చూసి అలా అనుకోకండి. ముందు రిపోర్టులో 'డయాగ్నోసిస్' అన్న చోట ట్యూమర్ పేరు ఏమని ఉందో చూడండి.

ట్యూమర్ లోపలి సన్న రక్తనాళాల గోడల్లో కణాలు ఒకదానిమీద ఒకటి పేరుకుంటాయి, నాళాలు చుట్టలు చుట్టుకుని గుత్తులుగా తయారవుతాయి. దానికే ఆ పేరు. పెద్దవాళ్లలో ఐడీహెచ్ జన్యువు మార్పు లేని, మెదడంతా పాకే ఆస్ట్రోసైటోమాలో ఈ గుత్తులు కనిపిస్తే గ్రేడ్ 4 గ్లియోబ్లాస్టోమా అని రాయడానికి అవి చాలు. గ్రేడ్ అంటే ట్యూమర్ ఎంత దూకుడుగా ఉంటుందో చెప్పే అంకె, 1 అన్నిటికంటే నెమ్మది, 4 అన్నిటికంటే దూకుడు. నెట్‌లో మీ కంటపడింది ఆ సమాచారమే.

పిల్లల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే గ్లియోమా (మెదడులో నరకణాలకు ఆసరాగా ఉండే గ్లియా కణాల ట్యూమర్) వేరు. దాని పేరు పైలోసైటిక్ ఆస్ట్రోసైటోమా, గ్రేడ్ 1. దాని స్లైడు మైక్రోస్కోపు కింద పెడితే వెంట్రుకల్లాంటి సన్న పోగులున్న కణాలు కనిపిస్తాయి. వాటి మధ్య గులాబీ రంగులో మెలితిరిగిన రోసెంథాల్ ఫైబర్లు ఉంటాయి. ట్యూమర్‌లోని నీటితిత్తి (సిస్ట్) గోడ వెంబడి చూస్తే రక్తనాళాల గుత్తులు వరసగా ఉంటాయి, అచ్చం గ్లియోబ్లాస్టోమాలో ఉన్నట్టే. ఇన్ని నాళాలున్నా ఇక్కడి కణాలు నెమ్మదిగానే విభజన చెందుతాయి, చుట్టుపక్కల మెదడులోకి పెద్దగా చొరబడవు. ఆపరేషన్‌లో పూర్తిగా తీసేయగలిగితే పదేళ్ల తర్వాత కూడా నూటికి 90 మందికి పైగా పిల్లలు బతికే ఉంటారు, చాలామందికి కీమో, రేడియేషన్ అవసరమే రాదు. కాబట్టి డయాగ్నోసిస్ దగ్గర 'పైలోసైటిక్ ఆస్ట్రోసైటోమా' అని ఉంటే, రక్తనాళాల మాట చూసి గుండెలు బాదుకోవాల్సిన పని లేదు.

అసలు ట్యూమర్‌కి కొత్త రక్తనాళాలు ఎందుకు?

ఏ కణానికైనా ఆక్సిజన్ రక్తం నుంచే రావాలి. ట్యూమర్ ఒకటి రెండు మిల్లీమీటర్లు దాటిందంటే మధ్యలో ఉన్న కణాలకు పక్కనున్న నాళాల నుంచి ఆక్సిజన్ అందదు. అప్పుడు అవి వీఈజీఎఫ్ అనే ప్రోటీన్‌ను బయటికి వదులుతాయి. దాని సంకేతం అందుకున్న పాత నాళాల నుంచి కొత్త కొమ్మలు ట్యూమర్ వైపు పెరుగుతాయి.

ఈ ఆలోచనను 1971లో బలంగా ముందుకు తెచ్చింది బోస్టన్ చిల్డ్రన్స్ హాస్పిటల్ సర్జన్ జూడా ఫోక్‌మన్. చాలా ఏళ్లు ఆయన మాట ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1980ల్లో హెరాల్డ్ డ్వోరాక్ బృందం, ఆ తర్వాత నెపోలియోన్ ఫెరారా బృందం వీఈజీఎఫ్‌ను విడదీసి చూపించాక అందరూ ఆ దారి పట్టారు. ఆక్సిజన్ తగ్గిన సంగతి కణానికి ఎలా తెలుస్తుందో కనిపెట్టినందుకు 2019లో ముగ్గురు శాస్త్రవేత్తలకు నోబెల్ కూడా వచ్చింది.

ఇలా హడావుడిగా పుట్టిన నాళాలు మామూలు నాళాల్లా ఉండవు. వంకరటింకరగా పోతాయి, కొన్నిచోట్ల ఉబ్బుతాయి, గోడల సందుల్లోంచి నీరు కారుతుంది. గట్లు సరిగా వేయని పంటకాలువలో నీళ్లు చేనుకు చేరకుండా దారంతా ఊరినట్టు, ఈ నాళాల్లో రక్తం పారుతున్నా ట్యూమర్ అంతటికీ సమంగా అందదు. ట్యూమర్ చుట్టూ మెదడు వాయడానికి, వాపు తగ్గించే డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇవ్వగానే తలనొప్పి, వాంతులు తగ్గడానికి చాలావరకు ఈ కారడమే కారణం.

రక్తనాళాలు ఎక్కువుంటే జబ్బు ముదిరినట్టు, తక్కువుంటే మంచిదన్నట్టా?

అలా అనుకోవడమే అన్నిటికంటే పెద్ద పొరపాటు. పిల్లల ట్యూమర్లలో ఈ లెక్క చాలాసార్లు తలకిందులవుతుంది. రెండు జబ్బులు పక్కపక్కన పెట్టి చూస్తే మీకే తెలుస్తుంది.

మొదటిది మెడుల్లోబ్లాస్టోమా. చిన్నమెదడులో వస్తుంది, గ్రేడ్ 4. దీన్ని జన్యువులను బట్టి నాలుగు గుంపులుగా విడదీశారు: డబ్ల్యుఎన్‌టీ, ఎస్‌హెచ్‌హెచ్, గ్రూప్ 3, గ్రూప్ 4. మొత్తం కేసుల్లో సుమారు పదో వంతు డబ్ల్యుఎన్‌టీ రకం. దాని రక్తనాళాలు విపరీతంగా ఉంటాయి, గోడలనిండా చిల్లులు, లోపల రక్తస్రావం కూడా మామూలే. చూస్తే భయమేస్తుంది. కానీ నాలుగింటిలోనూ బాగా నయమయ్యేది ఇదే. సరిగ్గా చికిత్స జరిగితే నూటికి 90 మందికి పైగా పిల్లలు కోలుకుంటారు.

ఎందుకిలా? 2016లో అమెరికాలోని సెయింట్ జూడ్ పిల్లల ఆసుపత్రి పరిశోధకులు దీనికి ఒక జవాబు చూపించారు. మామూలుగా మెదడు రక్తనాళాల గోడలు చాలా గట్టిగా అతుక్కుని ఉంటాయి, రక్తంలోని మందులను లోపలికి రానివ్వవు. ఆ గట్టిదనం నిలవాలంటే డబ్ల్యుఎన్‌టీ సంకేతం నాళాల గోడలకు అందుతూ ఉండాలి. ఈ రకం ట్యూమర్ కణాలు ఆ సంకేతాన్ని అడ్డుకునే ప్రోటీన్లను వదులుతాయి. దాంతో నాళాల గోడలు చిల్లులు పడతాయి, కీమో మందు నేరుగా ట్యూమర్‌లోకి దిగుతుంది. అంటే దాని నాళాలే దాని కొంప ముంచుతున్నాయి. ఎస్‌హెచ్‌హెచ్ రకంలో గోడలు చెక్కుచెదరకుండా ఉంటాయి, మందు అంత బాగా చేరదు.

రెండోది డీఐపీజీ. మెదడుకాండంలోని పాన్స్ అనే భాగంలో వస్తుంది, ఇప్పుడు దీన్ని హెచ్3 కె27 మార్పున్న డిఫ్యూజ్ మిడ్‌లైన్ గ్లియోమాల్లో కలిపి చెబుతున్నారు. మొదట్లో తీసిన ఎంఆర్ఐలో ఇంజెక్షన్ ఇచ్చినా చాలామంది పిల్లలకు ఇది తెల్లగా పెద్దగా వెలగదు. నాళాల గోడలు దాదాపు మామూలుగానే ఉంటాయి. పైకి అంత నెమ్మదిగా కనిపించే ఈ జబ్బు పిల్లల ట్యూమర్లన్నిటిలోనూ కఠినమైనది. రేడియేషన్‌తో కొన్ని నెలలు మెరుగుపడినా, సగంమంది పిల్లలు ఏడాది లోపే దూరమవుతారు. 2021 ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ ప్రకారం ఈ జన్యుమార్పు ఉంటే చాలు, స్లైడులో ఒక్క రక్తనాళపు గుత్తి లేకపోయినా అది గ్రేడ్ 4 కిందికే వస్తుంది.

అందుకే పేరు చూడకుండా నాళాలను చూసి జాతకం చెప్పకూడదు. పిల్లల్లో వచ్చే మిగతా హై-గ్రేడ్ గ్లియోమాల్లో మాత్రం నాళాల గుత్తులు, చచ్చిపోయిన కణజాలం పక్కపక్కన కనిపిస్తే అది ప్రమాద సూచనే. అది కప్పిపుచ్చడం నాకు ఇష్టం లేదు.

ఎపెండిమోమా గ్రేడ్ 3 అన్నారు, రక్తనాళాలు పెరిగాయని రాశారు. గ్రేడ్ 2 అయితే బాగుండేదా?

ఎపెండిమోమా అంటే మెదడు, వెన్నుపాములోని నీటి గదుల లోపలి పొరకు చెందిన కణాల ట్యూమర్. దానికి గ్రేడ్ ఇవ్వడంలో కణాల విభజన, నాళాల పెరుగుదల రెండూ చూస్తారు. చిక్కేమిటంటే ఒకే స్లైడును ఇద్దరు పాథాలజిస్టులకు ఇస్తే ఒకరు 2 అని, ఒకరు 3 అని రాయడం అరుదేమీ కాదు. అందుకే ఇప్పుడు గ్రేడ్ కంటే మూడు సంగతులకు ఎక్కువ విలువ ఇస్తున్నారు: ట్యూమర్ మెదడులో ఎక్కడుంది, జన్యువులను బట్టి ఏ గుంపుకు చెందుతుంది, సర్జన్ ఎంతవరకు తీయగలిగారు. మూడోది చాలా ముఖ్యం. ఆపరేషన్ తర్వాత ఎంఆర్ఐలో ముక్క మిగిలిందని కనబడితే, రెండోసారి ఆపరేషన్ చేసి తీయడం కుదురుతుందా అని తప్పకుండా అడగండి. చిన్నమెదడు దగ్గర వచ్చే పీఎఫ్ఏ రకంలో అయితే ఒకటో క్రోమోజోమ్ పెద్ద భుజం అదనంగా ఉందా అనేది కూడా చూడమనండి, ఉంటే జబ్బు తిరగబెట్టే అవకాశం ఎక్కువ.

ఎంఆర్ఐలో ఇంజెక్షన్ ఇచ్చాక గడ్డ తెల్లగా వెలిగిందన్నారు. అంటే చెడ్డదా?

ఆ ఇంజెక్షన్‌లో గడోలినియం ఉంటుంది. నాళాల గోడలు కారుతున్న చోట అది బయటికి వచ్చి తెల్లగా కనబడుతుంది. వెలగడం అంటే అక్కడ గోడ కారుతోందని తెలుస్తుంది, అంతే. ఇందాక చెప్పిన పైలోసైటిక్ ఆస్ట్రోసైటోమానే చూడండి: పెద్ద నీటితిత్తి, దాని గోడకు అంటుకుని బల్బులా వెలిగే చిన్న ముద్ద. గ్రేడ్ 1 జబ్బే అలా వెలుగుతుంది.

ట్యూమర్‌లో ఎంత రక్తం పారుతోందో కొలిచే పద్ధతి వేరు, దాన్ని పెర్ఫ్యూజన్ ఎంఆర్ఐ అంటారు. అందులో ఏఎస్ఎల్ అనే రకానికి ఇంజెక్షన్ కూడా అక్కర్లేదు, రక్తంలోని నీటినే గుర్తు పెట్టుకుని కొలుస్తుంది. పసిపిల్లలకు సూది పొడవకుండా అయ్యే పని కాబట్టి ఇది మంచి వెసులుబాటు. రక్తప్రవాహం బాగా ఎక్కువుంటే హై-గ్రేడ్ వైపు అనుమానం మొగ్గుతుంది, కానీ దీన్ని చూసే డయాగ్నోసిస్ తేల్చరు.

ల్యాబులో రక్తనాళాలను లెక్కపెడతారా?

పరిశోధనల్లో పెడతారు. సీడీ34, సీడీ31 అనే స్టెయిన్లు వేస్తే నాళాల గోడలు గోధుమరంగులో తేలతాయి, ఎక్కువ గుమిగూడిన చోట ఎన్ని ఉన్నాయో లెక్కిస్తారు. మీ బిడ్డ చికిత్సను ఆ అంకె మార్చదు. రిపోర్టులో లేకపోతే ఎందుకు లేదని కంగారు పడొద్దు. ఆ డబ్బు జన్యు పరీక్షలకు పెట్టడం మేలు.

నాళాలు ఎక్కువున్న ట్యూమర్‌కు ఆపరేషన్ చేస్తే రక్తం చాలా పోతుందా?

పోవచ్చు. ముఖ్యంగా పసివాళ్లలో వచ్చే కోరాయిడ్ ప్లెక్సస్ (మెదడులో నీరు తయారుచేసే కణజాలం) ట్యూమర్లలో. పసిబిడ్డ ఒంట్లో కిలోకు సుమారు 80 మిల్లీలీటర్ల రక్తం ఉంటుంది. 8 కిలోల బిడ్డకు మొత్తం కలిపి 640 మిల్లీలీటర్లు. పెద్దవాళ్ల ఆపరేషన్‌లో 200 మిల్లీలీటర్లు పోతే ఎవరూ పెద్దగా పట్టించుకోరు, ఆ బిడ్డకు అది మూడో వంతు. అందుకే కొన్నిచోట్ల ముందు యాంజియోగ్రామ్ చేసి ట్యూమర్‌కు రక్తమిచ్చే నాళాన్ని మూసేస్తారు. ఆ ట్యూమర్లలో క్యాన్సర్ రకమైన కార్సినోమా అయితే ముందు కొన్ని విడతలు కీమో ఇచ్చి, నాళాలు తగ్గాక తీయడానికి చూస్తారు. 'ఇప్పుడే ఎందుకు తీయడం లేదు, ఆలస్యం చేస్తున్నారు' అని చాలామంది తల్లిదండ్రులు మథనపడతారు. ఇక్కడ ఆగడం చికిత్సలో భాగమే.

బ్లడ్ గ్రూపు కలిసే బంధువులను ముందే సిద్ధంగా ఉంచమని ఆసుపత్రి చెబితే భయపడకండి, అది జాగ్రత్త.

రక్తనాళాలను ఆపేసే మందు ఉందట కదా. మా పాపకు ఇవ్వరా?

బెవాసిజుమాబ్ గురించి అడుగుతున్నారనుకుంటాను. అవాస్టిన్ అన్న పేరుతో వచ్చింది. వీఈజీఎఫ్‌ను పట్టుకుని పనిచేయనివ్వదు. 2004లో అమెరికాలో పెద్దపేగు క్యాన్సర్‌కు అనుమతి వచ్చింది, 2009లో పెద్దవాళ్లలో తిరగబెట్టిన గ్లియోబ్లాస్టోమాకు వచ్చింది. సెలైన్‌లా నరంలోకి ఎక్కిస్తారు, ఎక్కువగా రెండు వారాలకోసారి.

దీనిమీద ఆశలు ఆకాశానికి ఎత్తడం, ఫలితం చూసి కిందపడటం రెండూ జరిగాయి. కొత్తగా హై-గ్రేడ్ గ్లియోమా వచ్చిన 3 నుంచి 18 ఏళ్ల పిల్లలు 121 మందితో హెర్బీ అనే ట్రయల్ జరిగింది. రేడియేషన్, టెమోజోలమైడ్ అనే కీమో మందుకు దీన్ని కలిపి ఇచ్చారు. జబ్బు తిరగబెట్టడం ఏమాత్రం తగ్గలేదని 2018లో తేలింది. కాబట్టి మొదటి చికిత్సలో ఇది ఇవ్వలేదని మీ డాక్టర్‌ను తప్పుపట్టకండి.

తిరగబెట్టిన మెడుల్లోబ్లాస్టోమాలో పరిస్థితి కాస్త వేరు. అమెరికా చిల్డ్రన్స్ ఆంకాలజీ గ్రూప్ ట్రయల్‌లో టెమోజోలమైడ్, ఇరినోటెకాన్ అనే కీమో మందులు మాత్రమే తీసుకున్నవాళ్లలో మధ్యస్థ ఆయుష్షు 13 నెలలు, బెవాసిజుమాబ్ కూడా కలిపినవాళ్లలో 19 నెలలు. ఆరు నెలలు. అప్పటికే ఒకసారి అన్ని చికిత్సలూ చూసి వచ్చిన కుటుంబానికి ఆ ఆరు నెలల విలువ ఎంతో బయటివాళ్లు చెప్పలేరు. కానీ దాన్ని నయం కావడం అనలేం. వియన్నాలో మొదలైన మెమ్మాట్ పద్ధతిలో ఇదే మందుకు థాలిడోమైడ్, సెలెకాక్సిబ్, ఫెనోఫైబ్రేట్, తక్కువ మోతాదు కీమో మాత్రలు కలిపి నాళాలమీద నలువైపులా దాడి చేస్తారు. కొద్దిమంది పిల్లలు దానితో ఏళ్ల తరబడి నిలబడ్డారు.

నా ఉద్దేశంలో పిల్లల్లో ఈ మందు బాగా ఉపయోగపడే చోట్లు రెండు. కంటినరం మీద వచ్చే లో-గ్రేడ్ గ్లియోమాలో చూపు తగ్గిపోతుంటే కొందరు పిల్లలకు అది తిరిగొస్తుంది. రేడియేషన్ తర్వాత మెదడు కణజాలం దెబ్బతిని వాచిపోతే, స్టెరాయిడ్లు మాన్పించడానికి పనికొస్తుంది. ఈ రెండూ పేపర్లో పెద్ద వార్తలు కావు, కానీ బిడ్డ బోర్డు మీద అక్షరం చదవగలగడం, మొహం ఉబ్బకుండా స్కూలుకు పోవడం ఇంట్లోవాళ్లకు చాలా పెద్ద సంగతి.

ఈ మందు మొదలుపెట్టిన నెలకే స్కాన్ బ్రహ్మాండంగా వచ్చింది. తగ్గిపోయినట్టేనా?

కాస్త ఆగండి. ఈ మందు ముందుగా చేసే పని నాళాల కారడాన్ని ఆపడం. కారడం ఆగితే గడోలినియం బయటికి రాదు, తెల్లదనం మాయమవుతుంది, వాపు దిగుతుంది. లోపల ట్యూమర్ కణాలు అలాగే ఉన్నా స్కాన్ శుభ్రంగా కనబడవచ్చు. దీన్ని సూడో రెస్పాన్స్ అంటారు. ఇంజెక్షన్‌తో తీసినవే కాకుండా టీ2, ఫ్లెయిర్, డిఫ్యూజన్ చిత్రాలు కూడా పోల్చి చూశారా అని రేడియాలజిస్టును అడిగించండి.

దీనికి ఎదురుగా ఇంకొకటి ఉంది. రేడియేషన్ అయిన కొన్ని వారాలకు, నెలలకు నాళాలు తాత్కాలికంగా కారి, ట్యూమర్ పెరిగినట్టు కనిపించవచ్చు. అది జబ్బు తిరగబెట్టడం కాకపోవచ్చు. ఆ ఒక్క స్కాన్ చూసి చికిత్స మానేయడం, మార్చేయడం మంచిది కాదు. బిడ్డ నడక, మాట, చూపు ఎలా ఉన్నాయో స్కాన్‌తో కలిపి చూడాలి.

ఈ మందుకు ఇబ్బందులు ఏమిటి? ఖర్చు?

బీపీ పెరగడం, మూత్రంలో ప్రోటీన్ పోవడం, ముక్కునుంచి రక్తం కారడం, గాయాలు ఆలస్యంగా మానడం. ప్రతి విడతకు ముందు బీపీ, మూత్ర పరీక్ష చేయించాలి. పెద్ద ఆపరేషన్ జరిగితే కనీసం 28 రోజులు ఆగాలి, ఎందుకంటే దీని ప్రభావం ఒంట్లో వారాల తరబడి ఉంటుంది. చిన్నపాటి దంత చికిత్స చేయించాలన్నా ఆంకాలజిస్టుకు చెప్పండి. ఎదిగే పిల్లల్లో ఎముకల చివరలు కూడా దెబ్బతినే అవకాశం ఉంది, మోకాళ్ల నొప్పి అంటే ఆటల దెబ్బే అని వదిలేయకండి.

ఖర్చు విషయంలో మనకు కొంత మేలు జరిగింది. హైదరాబాద్ కంపెనీలు హెటెరో, డాక్టర్ రెడ్డీస్ దీని బయోసిమిలర్లు (అసలు మందుకు దాదాపు సమానంగా పనిచేసే నకలు మందులు) తయారుచేస్తున్నాయి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఏ ప్యాకేజీలో ఏ మందు వస్తుందో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడిగి రాయించుకోండి. బిల్లు కట్టాక అడిగితే ఉపయోగం ఉండదు.

రేడియేషన్ వల్ల మంచి రక్తనాళాలు పాడవుతాయా?

కొందరికి అవుతాయి, అదీ ఏళ్ల తర్వాత. మెదడు అడుగున ఉన్న పెద్ద నాళాలు సన్నబడి, వాటి చుట్టూ పొగలా అల్లుకున్న చిన్న నాళాలు పుట్టే జబ్బును మోయామోయా అంటారు. న్యూరోఫైబ్రోమటోసిస్ 1 అనే జన్యు జబ్బు ఉన్న పిల్లలకు కంటినరం గ్లియోమా కోసం రేడియేషన్ ఇస్తే ఈ ముప్పు మరీ ఎక్కువ, అందుకే వాళ్లకు వీలైనంతవరకు కీమోతోనే నెట్టుకొస్తారు. ఒంటిమీద కాఫీ రంగు మచ్చలు ఆరో అంతకంటే ఎక్కువో ఉంటే అది ఆ జబ్బుకు గుర్తు కావచ్చు, రేడియేషన్ మాట రాకముందే డాక్టర్‌కు చూపించండి. చికిత్స అయిపోయి ఏళ్లు గడిచిన బిడ్డకు ఉన్నట్టుండి ఒక చెయ్యి పట్టు తప్పినా, మాట తడబడినా క్షణం ఆలస్యం చేయకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్లాలి.

దానిమ్మ, బీట్‌రూట్ పెడితే ట్యూమర్‌కి రక్తం పెరుగుతుందని అత్తగారు వద్దంటున్నారు. నిజమా?

కాదు. హిమోగ్లోబిన్ పెరగడం వేరు, ట్యూమర్‌లో నాళాలు పుట్టడం వేరు. బిడ్డ తింటానంటే పెట్టండి. రక్తం ఎక్కించాల్సి వచ్చినా అదే జవాబు. అలాగే పసుపు మాత్రలు, మూలికల కషాయాలు నాళాలను ఆపేస్తాయని ఎవరైనా అమ్మితే కొనొద్దు. ల్యాబు సీసాలో పెంచిన కణాల మీద పనిచేసింది పిల్లల్లో పనిచేసినట్టు ఎవరూ చూపించలేదు, పైగా కొన్ని కీమో మందులతో పడవు. కూరలో వేసే పసుపుకు ఏ అభ్యంతరం లేదు.

రెండో అభిప్రాయం తీసుకోవాలంటే ఏం పట్టుకెళ్లాలి?

రిపోర్టు కాగితం ఒక్కటే చాలదు. స్లైడులు, వాటితోపాటు పారాఫిన్ బ్లాకులు అడిగి తీసుకోండి. మైనంలో బిగించిన చిన్న కణజాలపు దిమ్మలవి, అవి లేకపోతే జన్యు పరీక్షలు చేయడం కుదరదు. రాతపూర్వకంగా అడిగితే ఆసుపత్రులు ఇస్తాయి. ఎంఆర్ఐ ఫిల్ములతో సరిపెట్టుకోకుండా సీడీ కూడా తీసుకోండి, ఆపరేషన్‌కు ముందుదీ, తర్వాతదీ రెండూ.

మన దగ్గర హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి, నిమ్స్, విశాఖలో టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి. పిల్లల న్యూరో ఆంకాలజీ బృందం మొత్తం ఒకేచోట కావాలంటే చాలామంది ముంబై టాటాకు వెళ్తారు. ఎక్కడికి వెళ్లినా అడగాల్సిన ప్రశ్నలు ఇవి: ట్యూమర్ పూర్తి పేరు, గ్రేడ్ ఏమిటి? జన్యువులను బట్టి ఏ గుంపు? ఎంత మిగిలింది? వెన్నెముకలోకి పాకిందా? ఇవన్నీ తెలిశాక, ఈ ట్యూమర్‌లో రక్తనాళాలు పెరగడం వల్ల చికిత్సలో ఏమైనా మారుతుందా? చివరి ప్రశ్నకు 'లేదు' అన్న జవాబు వస్తే అది మంచి జవాబే.

బ్లాకులను మామూలు డబ్బాలో పెట్టి వెంట తీసుకెళ్లండి, ఫ్రిజ్ అవసరం లేదు. మే నెల ఎండలో ఆపిన కారులో మాత్రం వదిలేయకండి, మైనం మెత్తబడుతుంది.